బందరు హోటల్లో మా భోజనం

డబ్బు పెడితే మర్యాద దొరుకుతుందని మీరూ నమ్ముతున్నారా? మొన్న ఒక పెద్ద హోటల్లో గది తలుపు తీయగానే ఫినైలూ, గంజి పెట్టిన దుప్పట్లూ కలిసిన వాసన తగిలి, సామాను గుమ్మంలోనే దించి నిలబడిపోయాను. అది మా నాన్న నమ్మకం తాలూకు వాసన.

నాన్న నందివాడ దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులు. యాభైల చివరి రోజులవి. మా ఊరి కాఫీ హోటల్లో మా పేటవాళ్ళ గ్లాసులు చూరుకింద విడిగా ఉండేవి. తాగి, మేమే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించాలి. "బస్తీలో పెద్ద హోటలుకెళ్తే రేటు చూస్తారుగానీ కులం చూడరు" అనేవాడు నాన్న. అందరికీ పెట్టి అడుగున మిగిలిన మాడు తినే అమ్మను ఒక్క పూటైనా నలుగురి మధ్య కూర్చోబెట్టి, ఇంకొకరి చేత వడ్డన చేయించాలని ఆయన పట్టుదల.

ఆ వేసవిలో, ఆవకాయ కారం వాసన చేతుల్ని ఇంకా వదలకముందే, గుడివాడలో బస్సెక్కి, ముంజలు తింటూ, ఉప్పుగాలి మొహానికి తగిలేసరికి బందరు చేరి, ఊళ్ళోకెల్లా ఖరీదైన హోటల్లో దిగాం. నాన్న పేరు రత్నం. పేరునిబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. పందిరి మంచం, దోమతెర, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. కుళాయి దగ్గేది గానీ నీళ్ళు కారేవి కావు. రాత్రంతా నల్లులొక్కటే కులం అడగకుండా కుట్టాయి.

మర్నాడు మధ్యాహ్నం కింద భోజనాల హాల్లో కూర్చున్నాం. పొద్దున వరండాలో నాన్నతో గంటసేపు రాజకీయాలు మాట్లాడిన ప్లీడరుగారు పక్క బల్ల దగ్గరే ఉన్నారు. అమ్మ కొంగు సర్దుకుని, విస్తరి మీద నీళ్ళు చల్లి తుడిచింది. మా ఇంట్లో గంజి అయినా ప్రార్థన లేనిదే నోట పెట్టం. అలవాటుకొద్దీ నాన్న కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పైకే ప్రభువును తలుచుకోవడం మొదలెట్టాడు. అమ్మ తల వంచింది. నాకు మాత్రం అప్పటికే కళ్ళు మూసే అలవాటు తప్పింది. వడ్డించే మనిషి అన్నం గంపతో ఆగిపోవడం, వెనక్కి వెళ్ళి కౌంటరు దగ్గర గుసగుసలాడడం, మేనేజరు పంచె సర్దుకుంటూ బల్లల మధ్యగా మా వైపు రావడం మా ముగ్గురిలో నేనొక్కడినే చూశాను. ఆ ప్రార్థన ఎప్పటికీ అయిపోకూడదనుకున్నాను. దేవుణ్ణి నేను మనసారా అడిగిన ఆఖరి కోరిక అదే.

ఆమెన్ అన్నాడు నాన్న.

"మాస్టారూ, మీ భోజనం గదికి పంపిస్తామండీ, పైకెళ్ళండి."

"ఎందుకండీ?"

"మీకు తెలియందేముందండీ? నలుగురూ తినేచోటు."

"ఆ నలుగురిలో మేం లేమాండీ?" అంది అమ్మ. "ఎవరికి అభ్యంతరమో చెప్పమనండి, లేచిపోతాం."

హాలంతా చేతులు ఆగాయి. ప్లీడరుగారు మజ్జిగన్నంలోకి చూస్తూ ఉండిపోయారు. అభ్యంతరం ఉందని ఒక్కరూ అనలేదు, లేదనీ అనలేదు.

"ఎవరూ ఏమీ అనట్లేదుగా. వడ్డించు బాబూ" అంది అమ్మ, గంప పట్టుకున్న మనిషితో.

ఆ మనిషి కదల్లేదు. అమ్మ ఖాళీ విస్తరిని తిన్నాక మడిచినట్టే మడిచి లేచింది.

బస్టాండులో నాన్న గొణిగాడు: "ఇంకా పెద్ద హోటలైతే ఇలా ఉండదేమో..."

"ఇంకా పెద్ద హోటలుకి ఇంకా పెద్ద మేనేజరుంటాడు లెండి" అని నవ్వింది అమ్మ. నాన్న నవ్వలేదు. మళ్ళీ ఏ ఊరెళ్ళినా ఆయన హోటలు గడప తొక్కలేదు.

ఆ హోటలు ఇప్పుడు లేదు, ఆ చోట బట్టలకొట్టు వెలిగిపోతోంది. చూరుకింది గ్లాసులూ లేవు, అమ్మానాన్నలూ లేరు. ఇల్లు అద్దెకు అడిగితే మాత్రం "మీరేమిట్లండీ?" అని నవ్వుతూనే కులం అడుగుతున్నారు. నాకు ఆ మేనేజరు మొహం గుర్తులేదు. విస్తళ్ళలోకి వంగిన ఆ తలలే గుర్తున్నాయి. మీ ఎదుట ఎవరినైనా అలా లేపుతుంటే, మీ ముద్ద దించి లేవండి. "వాళ్ళకు వడ్డించేదాకా నేను తినను" అని హాలంతా వినపడేలా చెప్పండి.