గిర్నీకి నేను చేసిన వైద్యం

డిగ్రీ అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు నెత్తి మీద కొమ్ములు మొలిచాయి. ఆ వయసులో అందరికీ కాస్తో కూస్తో మొలుస్తాయంటారు గాని, నావి మా ఊరు మోమిన్‌పేట్ బస్సు తలుపులో పట్టనంత పెద్దవి. ఇది గొప్పగా చెప్పుకునే ముచ్చట కాదు. ఎనిమిదేళ్ళుగా కడుపులో దాచుకున్న సిగ్గు. ఇన్నాళ్ళకు బయటపెడుతున్నానంటే, మీలో కూడా ఎవరో ఒకరు తెలియని సంగతి తెలిసినట్టు మాట్లాడి ఉంటారన్న ధైర్యమే. లేకపోతే మాత్రం నన్ను మన్నించండి.

ఉద్యోగం వికారాబాద్‌లో, ఒక పళ్ళ ఆసుపత్రిలో. వచ్చినవాళ్ళ పేరూ వయసూ రాసుకోవడం, నంబరు ప్రకారం లోపలికి పిలవడం, ఏడ్చే పిల్లల చేతికి అద్దం ఇచ్చి ఊరుకోబెట్టడం, ఇదీ నా పని. అయితే అక్కడ పనిచేసే అందరికీ తెల్లకోటు ఇచ్చారు. ఆ కోటే నా కొంప ముంచింది. సాయంత్రం దాన్ని విప్పి అక్కడే తగిలించి రావాలి. నేను మాత్రం ఉతకాలన్న వంకతో మడిచి చేతి మీద వేసుకుని, నలుగురికీ కనిపించేలా బస్సెక్కేదాన్ని. (ఇంటికి తెచ్చిన కోటును ఎన్నిసార్లు ఉతికానో మా అమ్మను అడగకండి.) మొదటి వారంలోనే కండక్టరు "డాక్టరమ్మకు జర జాగ ఇయ్యుండ్రి" అన్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా కిటికీ పక్కన సీటు దొరికింది. నోరు మూసుకుని కూర్చున్నాను. నెల తిరిగేసరికి మా వాడకట్టు మొత్తానికి నేను పండ్ల డాక్టరమ్మను. అమ్మ ఒక్కతే ఉండబట్టలేక, "పేర్లు రాస్తనని చెప్పరాదే? గిదేం బుద్ధి?" అని అడిగింది. "నన్నెవలు అడిగిండ్రమ్మా?" అన్నాను. నిజానికి ఎవరూ అడగలేదు.

ఆ సమయంలో తాండూరులో మా పెద్దమ్మ వాళ్ళు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. పెద్దనాన్నది బండల పాలిషింగ్ పని కాబట్టి ఆ ఇంటి నేల చూస్తే కాలు పెట్టడానికే మనసొప్పదు. నేను హ్యాండుబ్యాగులో ఒక వస్తువు పెట్టుకుని వెళ్ళాను. మా ఆసుపత్రిలో వంకర పళ్ళను సరిచేసే వైర్లు కట్టే ముందు ఆ పళ్ళకు తెల్లటి ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు. పాతవి పారేస్తుంటే, అన్నిటికంటే వంకరగా ఉన్నదాన్ని నేను తెచ్చుకున్నాను. ఎవరైనా అడిగితే చూపించాలని. ఎవరూ అడగకపోతే నేనే తీసేదాన్ని.

భోజనాలయ్యాక వసారాలో నా దర్బారు మొదలైంది. ముందు పెద్దనాన్న వచ్చి, "గీ దవడ పన్ను జర సూడు బిడ్డా" అని నోరు తెరిచాడు. సెల్‌ఫోన్ లైటు వేసి, పాయసం చెంచాను తిరగేసి, కాడతో బుగ్గ పక్కకు జరిపి చూశాను. నాకు తెలిసిన మాటలు రెండే. ఒకటి రూట్ కెనాల్, రెండోది క్లీనింగ్. నొప్పి ఉందన్నవాళ్ళకు మొదటిదీ, లేదన్నవాళ్ళకు రెండోదీ రాసిపెట్టి ఉందన్నట్టు చెప్పుకుంటూ పోయాను. పెద్దమ్మ వియ్యపురాలు కట్టుడు పళ్ళు తీసి చేతిలో పెట్టుకుని మరీ వరుసలో నిలబడింది. ఆమెకు కూడా క్లీనింగే చెప్పాను.

చివరికి అక్క (పెద్దమ్మ కూతురు) తన ఏడేళ్ళ బిడ్డను తీసుకొచ్చింది. దాన్ని ఇంట్లో అందరూ గిర్నీ అనేవాళ్ళు. రాత్రి పడుకుంటే పళ్ళు పటపటా కొరుకుతుందట, పక్కగదిలోకి కూడా గిర్నీ, అదే పిండిమర, ఆడుతున్నట్టు వినిపిస్తుందట. "కడుపుల పురుగులున్నయే. వాము కషాయం తాపిస్తున్న, ఎందుకు తగ్గదో సూస్త" అంది పెద్దమ్మ. నేను నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు ఎవరైనా నా ముందు నవ్వితే కొట్టాలనిపిస్తుంది. "గా కాలం పోయింది పెద్దమ్మా. పురుగులు కాదు, ఏం కాదు. గిట్ల కొరికితే పండ్లు అరిగి వంకర పోతయి. వైర్లు కట్టాలె" అని తీర్పు చెప్పి, బ్యాగులోంచి అచ్చు తీసి దాని ముందు పెట్టాను. వసారా అంతా ఒక్కసారి "అవ్వో" అంది.

గిర్నీ ఆ వంకర పళ్ళను చాలాసేపు చూసింది. "నావి గిట్లయితయా చిన్నమ్మా?"

"కొరికితే అయితయి."

"కొరకకుంటే?"

"కొరకకుంటే వైర్లే అవసరం లేదు పో."

అది తల ఊపింది. నిద్రలో తనకు తెలియకుండా జరిగే పనిని మానుకోమని ఒక చిన్నపిల్లకు చెప్పానన్న సంగతి నాకు తట్టనే లేదు. వైర్లు కట్టే మేడం వారానికొకసారి హైదరాబాద్ నుంచి వస్తుందని, వచ్చే శనివారం తీసుకొస్తే "నేను ఆమెకు చెప్త తియ్" అని అక్కకు మాటిచ్చాను, ఆమె నా చేతి కింద పనిచేస్తున్నట్టు.

శనివారం వాళ్ళు తాండూరు నుంచి పొద్దున రైలుకే దిగారు. అక్క లోపలికి అడుగు పెడుతూనే, బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా "మా చెల్లె గీడ డాక్టరే" అంది. మరుక్షణమే లోపలి నుంచి మేడం గొంతు, "పదకొండో నంబరు పిలువమ్మా, ఏం చేస్తున్నవ్?" అని. నేను "పదకొండూ" అని పిలిచాను. అక్క నన్ను చూసింది, నా చేతిలోని రిజిస్టర్‌ను చూసింది. గిర్నీ చెయ్యి పట్టుకుని వెళ్ళి బెంచీ చివర కూర్చుంది. అయితే నన్ను కాల్చింది అది కాదు. అసలు సంగతి లోపల జరిగింది.

గిర్నీ వంతు వచ్చి కుర్చీలో కూర్చోబెట్టేసరికి దాని తల పక్కకు వాలిపోయింది. కళ్ళ కింద నల్లగా ఉంది. వారం క్రితం చెంగుచెంగున గెంతిన పిల్ల ఇదేనా అనిపించింది. మేడం "జ్వరం ఉందా?" అని అడిగింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "జ్వరం కాదు మేడం. వారం రోజులైంది, పండుకుంటలేదు. లేసి కూసుంటది, తొడ గిచ్చుకుంటది. బళ్ళె నిద్రవోతే టీచర్ కొట్టింది. ఎందుకే అంటే చెప్పది. మస్తు పరేషాన్ అయితున్నం" అంది.

మేడం గడ్డం పట్టుకుని "ఎందుకు బిడ్డా?" అని అడిగింది. గిర్నీ కష్టం మీద కళ్ళు విప్పి, గొప్పగా చెప్పింది. "నేను కొరుకుతలేను. పండుకుంటేనే కదా కొరికేది. గందుకే పండుకుంటలేను. ఇంగ నాకు వైర్లు వద్దు."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"డాక్టర్ చిన్నమ్మ" అని వేలు చూపించింది. గదిలో నేను తప్ప చిన్నమ్మ ఇంకెవరూ లేరు.

మేడం నన్ను తిట్టలేదు. నోరు తెరిపించి పళ్ళన్నీ ఓపిగ్గా చూసింది. పాలపళ్ళు కొంచెం అరిగాయని, చిన్నపిల్లల్లో ఇది చాలామందికి ఉంటుందని, పెరిగేకొద్దీ ఎక్కువగా దానంతటదే తగ్గుతుందని, అసలు పళ్ళు వచ్చాక వరుస సరిగా లేకపోతే అప్పుడు వైర్ల సంగతి చూద్దామని అక్కకు చెప్పింది. అప్పటిదాకా ఏడాదికోసారి చూపిస్తే చాలంది. తరువాత నా వైపు తిరిగి, "ఈ పిల్లకు నువ్వు చెప్పినవ్. నువ్వే వెనక్కి తీసుకో" అంది.

నేను కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. డిగ్రీ పరీక్షలప్పుడు కూడా నాకు అంత చెమట పట్టలేదు. "గిర్నీ, నేను డాక్టర్‌ను కాదు. గీడ పేర్లు రాస్త. నాకు తెల్వకుండనే చెప్పిన. నువ్వు కొరికినా ఏం కాదు, మంచిగ పండుకో" అన్నాను. అక్క ముందు, మేడం ముందు, తలుపు సందులోంచి చూస్తున్న పన్నెండో నంబరు ముందు.

అది నన్ను కాసేపు పరకాయించి చూసింది. కోపం లేదు, నవ్వు లేదు. "పేర్లు రాసేటోళ్ళు చెప్తే పండుకోవచ్చా?" అని అడిగింది. నన్ను కాదు, మేడంను. మేడం "పండుకోవచ్చు బిడ్డా, నేను కూడ చెప్తున్న" అంది. అంతే, అది కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి నిద్రపోయింది. దాన్ని ఎత్తుకుని బయట బెంచీ మీద ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. మధ్యాహ్నం రైలు టైమయ్యేదాకా లేవలేదు. తొడ మీద గిచ్చుకున్న గుర్తులు గౌను కింద ఎర్రగా కనిపిస్తుంటే, నాకు ఏడుపు ఆగలేదు. అక్క మెల్లగా, "ఊకో, నువ్వు మంచికే చెప్పినవ్ కదనే" అంది. మంచికి చెప్పలేదక్కా, గొప్పకు చెప్పాను అనాలనుకున్నాను గాని, ఆ ఒక్కమాట ఆ రోజు నోట్లోంచి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదువుకో.

గిర్నీకి ఇప్పుడు పదిహేనేళ్ళు. పళ్ళు కొరకడం ఎప్పుడో మానేసింది. పై పళ్ళు కొంచెం ముందుకు వచ్చాయని నిరుడు మేడమే వైర్లు కట్టింది. నెలకోసారి తాండూరు నుంచి వస్తుంది, నేనే పేరు రాసుకుంటాను. నాతో బాగానే ఉంటుంది, నా టిఫిన్ డబ్బాలో సగం తినేస్తుంది. కాని నేను ఏ మాట చెప్పినా, అది రైలు టైమైనా సరే, వాన పడుతుందన్నా సరే, వైర్ల నోటితో నవ్వుతూ "ఎవలు చెప్పిండ్రు చిన్నమ్మా?" అంటుంది. "నేనే చెప్తున్న" అంటే, "అయితే ఆగు" అని పోయి ఇంకొకరిని అడిగి వస్తుంది. మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు అది అడిగి వచ్చేదాకా, నేను కూడా సరిగ్గానే చెప్పానా అని అక్కడే నిలబడి ఎదురుచూస్తాను.