కళ్ల పైన గోధుమ చుక్కలు

మా నల్ల లాబ్రడార్ ఏడు పిల్లల్ని పెట్టింది. ఆరు బొగ్గుల్లా నల్లగా ఉన్నాయి. ఏడోదానికి మాత్రం కళ్ల పైన రెండు గోధుమరంగు చుక్కలు, బుగ్గల మీదా పాదాల మీదా అదే రంగు. అది చూడగానే నా నోట వచ్చిన మొదటి మాట, "గేటు ఎవరు తీసి పెట్టిన్రు?" తీయలేదని మా ఆయన ఒట్టు వేసినా నమ్మలేదు. "ఏ గల్లీ కుక్కతోని తిరిగినవే?" అని ఆ బాలింత కుక్కని తిట్టి, మూడు రోజులు దాని మొహం చూడలేదు.

సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్న మనిషిని నేను! నాలుగో రోజుకు బుద్ధి వచ్చి పుస్తకం తీశాను. ఆ చుక్కల గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పైకి కనబడుతుంది. ఒక్క వైపే వస్తే నలుపు కింద దాక్కుని ఉంటుంది. అంటే మా దానిలోనూ ఉంది, కోదాడలో మేం జత కట్టించిన నల్ల మగకుక్కలోనూ ఉంది.

మా వైపు పద్ధతి ప్రకారం పిల్లల్లో మొదటి ఎంపిక మగకుక్క యజమానిది. నలభయ్యో రోజున ఆయన కోదాడ నుంచి వచ్చాడు. చుక్కల పిల్లని మెడ పట్టి ఎత్తి పకపకా నవ్వాడు.

"ఏంటి మేడం, గేటు తీసి పడుకున్నారా? ఇది మావాడి పిల్ల కాదండీ. ఏ బజారు కుక్కో మధ్యలో దూరింది."

"గట్ల కాదు సార్, ఈ గుణం రెండు దిక్కులకెల్లి వస్తేనే..."

"పాఠాలు కాలేజీలో చెప్పుకోండి."

ఇంత అని, అదే ఈతలోంచి ఒక నల్లటి ఆడపిల్లని మాత్రం చంకలో పెట్టుకుని పోయాడు. సిగ్గుండాలి! ఆ సాయంత్రమే మూడు ఊళ్ల కుక్కలవాళ్ల వాట్సాప్ గ్రూపులో చుక్కల పిల్ల ఫోటో పెట్టి, "సూర్యాపేట మేడం గారి ఆడకుక్క కట్టు తప్పింది, జాగ్రత్త" అని రాశాడు. నవ్వే బొమ్మలు వరసకట్టాయి. పిల్లని ముందే అడిగి పెట్టుకున్న మిర్యాలగూడ కుటుంబం ఇక వద్దంది. మా కుక్క పరువు అదే గ్రూపులో, ఆయన చేతనే నిలబెట్టించాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. చుక్కల పిల్లని ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకున్నాను.

రెండేళ్లు ఆగాను. ఒకరోజు గ్రూపులో ఆయన ప్రకటన వచ్చింది. మా ఇంటి నుంచి తీసుకుపోయిన ఆడదాన్ని దాని తండ్రితోనే జత కట్టిస్తున్నాడట. మేలైన రక్తం చెదరకూడదని వీళ్లు అలా చేస్తారు. దాక్కున్న గుణాలు బయటపడేది కూడా సరిగ్గా అక్కడే. పైగా ఇనుప జాలీ, నాలుగు కెమెరాలు ఉన్న షెడ్డు ఫోటో పెట్టి, "ఇక్కడ ఈగ కూడా దూరదు" అని గొప్పలు. ఒక హెచ్చరిక టైపు చేశాను. మళ్లీ చెరిపేశాను. చెరుపుతుంటే ఎంత హాయిగా ఉందో!

పిల్లలు పుట్టిన నెలకు, మా చుక్కలదాని గొలుసు పట్టుకుని కోదాడ వెళ్లాను. కొనడానికి వచ్చినవాళ్లు ఐదారుగురు షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. తొమ్మిది పిల్లల్లో మూడింటికి కళ్ల పైన గోధుమ చుక్కలు.

"ఏంది సార్," అన్నాను అందరికీ వినబడేలా, "గేటు తీసి పండుకున్నరా? జర కెమెరాల సూద్దాం పాండ్రి, ఏ బజారు కుక్క దూరిందో."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడం, లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

"లోపల ఏం వద్దు. మా కుక్క తప్పేం లేదని గ్రూపుల రాయిన్రి. రాసేదాంక నేను గీడనే నిలవడ్త."

చెమట తుడుచుకుంటూ రాశాడు. "మా మగకుక్కలోనూ ఈ గుణం ఉంది. మేడం గారి కుక్కని అనుమానించడం నా తప్పు." అక్కడే నిలబడి మూడుసార్లు చదువుకున్నాను.

ఇంటికొచ్చి గేటు తీస్తే తల్లికుక్క తోక ఊపుకుంటూ ఎదురొచ్చింది. దాని ముందు కూర్చుని ఆ మెసేజ్ గట్టిగా చదివి వినిపించాను. "అనుమానించడం నా తప్పు" దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి ఫోను పక్కన పెట్టేశాను. దాన్ని మొదట అనుమానించింది ఆయన కాదు.