హగరి ఇసుకలో రెండు కుక్కలు

మా ముత్తాత విడపనకల్లు వైపు ఏడు ఊళ్లకు రెడ్డికం చేశాడు. ఆయన కచేరీ మెట్ల దగ్గర చెప్పులు విడవకుండా ఎవరూ పైకి ఎక్కలేదు. మా తాత కాలానికి ఊళ్లు రెండయ్యాయి గానీ వేటకుక్కలు పన్నెండు ఉండేవి. సన్నని నడుము, పొడుగు మూతి, గుర్రప్పిల్ల కాళ్లు. వాటికి సంగటి కెలకడానికి వేరే పొయ్యి, వేరే మనిషి. ఆడకుక్క ఈనిందని తెలిస్తే బళ్ళారి నుంచి కూడా పెద్దమనుషులు పిల్లల కోసం వచ్చేవారు. మా తాత ఇచ్చేవాడు, అమ్మేవాడు కాదు. కుక్కను అమ్మిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకూడదని ఆయన మాట. మా నాయన భూములు అమ్మాడు గానీ కుక్కను అమ్మలేదు. నేనూ అమ్మలేదు. ఈ సంగతి ముందు చెప్పుకుంటే మిగతాది చెప్పడం నాకు సులువు.

నా దాకా మిగిలినవి తాత జీపు, రెండు కుక్కలు. నల్లది తల్లి, తొమ్మిదేళ్లది. తెల్లది దాని కూతురు, నాలుగేళ్లది. గోరంట్లలో మేము అద్దెకుండే ఇంటిని పడగొట్టి షాపులు కడతామన్నారు. హిందూపురంలో మిద్దె మీద ఒక వాటా దొరికింది. ఇంటాయన అన్నీ ఒప్పుకున్నాడు, కుక్కలు మాత్రం వద్దన్నాడు. మాకున్న గడువు ఒక నెల.

"మీ నాయనను చుట్టాల్లో ఎవరినన్నా అడగమని చెప్పు" అని మా ఆవిడ మా అమ్మాయితో అంది. నాకు చెప్పాల్సిన మాటలను ఆమె పాతికేళ్లుగా అమ్మాయితోనే చెబుతోంది, అమ్మాయి పుట్టకముందు గోడతో చెప్పేది. నేను ఎవరినీ అడగలేదు. మా ఇంట్లో ఇవ్వడం తెలుసు, అడగడం ఎవరూ నేర్పలేదు.

దారి మా అమ్మాయే చూపింది. "నాయనా, ఇల్లు మారక ముందర ఈటిని తీసుకుని హగరి ఇసుక దిబ్బలకు పోదాం. టెంటు ఏసుకుని ఒక పొద్దు ఆడే ఉందాం. మన జిల్లాలోనే ఎడారి పెట్టుకుని ఫోన్లో ఇంగెవరి ఎడారో సూస్తాండాం."

నేను వెంటనే సరేనన్నాను. ఆ దిబ్బల అంచున మా ఈతచెట్ల చేను ఉంది. పద్నాలుగు ఎకరాలు. మా నాయన అన్నీ అమ్మాడు గానీ దాన్ని అమ్మినట్టు నాతో ఎప్పుడూ అనలేదు. ఆ చేనును ఎవరో ఒకరు చేసుకుంటూ ఉంటారు. వాళ్లకు కుక్కలను అప్పగిస్తే అది అడిగినట్టు కాదు, పని చెప్పినట్టు. ఈ ఆలోచన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారగానే బయలుదేరాం. అమ్మాయి జీపు నడిపింది. ముందు సీట్లో నేను, నా పక్కన నల్లది. వెనక సామాన్ల మధ్య తెల్లది, మా ఆవిడ. తెల్లదాని గొలుసును జీపు వెనక కొక్కేనికి తగిలించాం. మా తాత వేయించిన కొక్కెం అది.

"సూడవే, మీ నాయన నన్ను గాదు పెండ్లి చేసుకునింది. ఆ నల్లదాన్ని" అంది వెనక నుంచి మా ఆవిడ.

"అదైతే నిన్ను తిట్టదు గదా నాయనా?" అని అమ్మాయి నవ్వింది. నల్లది నా భుజం మీద గడ్డం ఆనించి దారి చూస్తూ కూర్చుంది.

పెనుకొండ దాటి కళ్యాణదుర్గం వైపు తిరిగాక రెండు పక్కలా శెనగచేలు మొలక దగ్గరే ఎండిపోయి ఉన్నాయి. గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వాన లేకున్నా గాలికి కొదవ లేని నేల మాది. ఒకచోట టీ కోసం ఆగాం. టీ అంగడాయన కుక్కలను కిందికీ మీదికీ చూశాడు.

"ఏమన్నా, ఈటికి బువ్వ పెట్టేది లేదా? పక్కటెముకలు లెక్కబెట్టచ్చు."

"వేటకుక్క నడుము అట్లే ఉండాల" అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చి ఉంటుంది.

"ఓహో. అట్లయితే మా అత్త గుడక యాటకుక్కే" అని రెండు బన్నులు తెచ్చి వాటి ముందు వేశాడు. బన్నులకు ఎంతని అడిగితే, "కుక్కలు తిన్నదానికి దుడ్లా?" అన్నాడు. ఆయన మీద నాకు కోపం నిలవలేదు.

పొద్దు వాలేముందు హగరి ఒడ్డు చేరాం. నదిలో నీళ్లు లేవు. పడమటి గాలి ఏళ్ల తరబడి నది ఇసుకను ఎత్తి పొలాల మీద పోస్తోంది. ఒకచోట కంచె రాళ్లు తలలు మాత్రమే బయటపెట్టి కనిపించాయి. ఈతచెట్లను చూసి మా చేనును నేనే గుర్తుపట్టాను. టెంటు ఎక్కడ వేయాలో నేనే చూపించాను. మా ఆవిడ సద్దరొట్టెల మూట విప్పింది. తెల్లది దిబ్బ ఎక్కి జారి, మళ్లీ ఎక్కి జారి, నోటి నిండా ఇసుకతో వచ్చి అమ్మాయి ఒడిలో తుమ్మింది.

అప్పుడు గొర్రెల మంద వచ్చింది. అరవై, డెబ్బై తలకాయలు ఉంటాయి. వెనక ఒక పెద్దామె, చేతిలో కట్టె, బుగ్గన ఆకు. నాకంటే పదేళ్లు పెద్దది. మా వైపు మంద కట్టడం పాత పద్ధతి. రాత్రికి గొర్రెలను చేలో నిలిపితే వాటి ఎరువు చేనుకు బలం. చేను గలవాడు అందుకు మంద గలవాళ్లకు గింజలు కొలుస్తాడు. మా తాత అరుగు మీద కూర్చుని చేత్తో చూపిస్తే మందలు తిరిగేవట. నేనూ చేత్తో చూపించాను.

"ఈ పొద్దు మంద ఈడే కట్టు. ఆ పక్కకు, మా గుడారానికి దూరంగా. పొద్దున గింజలిస్తాను."

ఆమె నన్ను చూసింది. జీపును ఇంకా ఎక్కువసేపు చూసింది. "అట్లే రెడ్డీ. నువ్వు చెప్పినాక ఇంగేముండాది" అని నేను చూపిన చోటే గుంజలు పాతి వల చుట్టింది.

నల్లది మందను చూసి వణకడం మొదలుపెట్టింది. అది భయం కాదు. దాన్ని జీపు కొక్కేనికి కట్టేశాను. ఆ హడావుడిలో తెల్లదాన్ని మరిచాం. వల బయట కుంటికాలి గొర్రెపిల్ల ఒకటి వెనకబడి ఉంది. తెల్లది పొట్ట నేలకు ఆనించి దాని దగ్గరికి పాకుతోంది. పెద్దామె కట్టె ఎత్తింది. మా అమ్మాయి అరవబోయి నోరు మూసుకుంది. తెల్లది ఆ పిల్ల చెవిని నాకింది. తరువాత ముఖం నాకి, దాని పక్కనే పడుకుంది.

ఆమె కట్టె దించింది. "నా కుక్క ఉగాదికి ముందర సచ్చిపోయె. అప్పట్నుంచి తోడేలు రెండు పిల్లల్ని ఎత్తకపోయె" అంది, ఎవరితోనూ కానట్టు. మందలోని మేక పాలు టీకి పితికి ఇచ్చి పోయింది. పొద్దున కుక్కల సంగతి ఆమెకే పురమాయిస్తే సరిపోతుందని నేను నిశ్చింతగా పడుకున్నాను.

లేచేసరికి టెంటుకు ఒక పక్క సగం ఎత్తుకు ఇసుక చేరి ఉంది. మా ఆవిడ చేత నాలుగు శేర్ల బియ్యం కొలిపించి, అమ్మాయి చేతికిచ్చి పంపి, వెనక నేనూ వెళ్లాను.

"ఏంటికి రెడ్డీ ఇవి?" అంది పెద్దామె.

"మా చేన్లో మంద కట్టినావు గదా."

ఆమె ఆకు ఉమ్మి నవ్వింది. కూర్చుని నవ్వింది. "మీ చేనా? మీ నాయన మా మామకు రాసిచ్చి ముప్పై ఏండ్లాయె. నా చేన్లో నా మంద కట్టుకుంటే నువ్వు నాకు గింజలిస్తాండావా? దినామూ వచ్చి పో నాయనా, నాకేం నష్టం!"

మా ఆవిడ గాలిమరల వైపు తిరిగింది. అమ్మాయి టెంటు మేకులు పీకడానికి వెళ్లింది. దాని భుజాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది.

"నిన్ననే చెప్పి ఉండొచ్చు గదా" అన్నాను.

"జీపును గుర్తుపడితి. మీ తాతది. ఇంటికొచ్చినోళ్లను లేసిపోమంటారా యాడన్నా?" అని కళ్లు తుడుచుకుంది. "అదీ గాక, నువ్వు చెప్తాంటే ఇనేకి బాగుండె. మా మామ పోయినాక నాకు పని చెప్పినోళ్లే లేరు."

పురమాయించడానికి నా దగ్గర ఇక చేను లేదు. దూరంగా తెల్లది ఆ కుంటిపిల్ల చుట్టూ తిరుగుతోంది.

"అక్కా," అన్నాను. "ఒకటి అడగాల. ఈ కుక్కలను పెట్టుకుంటావా? మేము పోయే ఇంట్లో ఈటికి చోటు లేదు."

ఆ మాట పూర్తి కావడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. నవ్వలేదు కూడా.

"నల్లది వద్దు" అంది చివరికి. "ముసిల్దైనా యాట మర్సిపోలేదు. రేత్రంతా దాని కండ్లు నా గొర్రెల మీదే ఉండె. తెల్లది ఉండనీ. ఎంతియ్యాల?"

"మేము కుక్కలను అమ్మం."

"అట్లయితే నీ గింజలు తీసకపో."

"ఇచ్చినవి వెనక్కి తీసుకోం."

"అబ్బా, ఏం రెడ్డివప్పా! సరే, నా కుక్కకు వండి పెట్టుకుంటాలే."

అప్పటికే అది ఆమె కుక్క. తెల్లదాని మెడ పట్టీని నేనే విప్పాను. జీపు కదిలాక అది ఈతచెట్ల దాకా మా వెంట పరుగెత్తింది. అక్కడ పెద్దామె గొర్రెలను పిలిచినట్టే దాన్నీ నాలుకతో టక్కుమని పిలిచింది. అది ఆగి, రెండు వైపులా చూసి, వెనక్కి పోయింది. ఈతచెట్లు కనబడకుండా పోయాక, "సంగటి బాగా కెలికి పెడుతుందిలే ఆయమ్మ" అంది మా ఆవిడ. ఆ మాట నేరుగా నాతోనే అంది.

హిందూపురం వెళ్లి ఇంటాయనను నల్లదాని కోసం నేనే అడిగాను. రెండోసారి అడగడం మొదటిసారంత కష్టం కాలేదు. ఆయన గడ్డం గోక్కుని, "గేటు లోపల ఉండేది ఒక బండికి చోటప్పా. జీపన్నా పెట్టుకో, కుక్కనన్నా కట్టుకో. రెండూ అంటే కుదర్దు" అన్నాడు.

జీపును చిలమత్తూరులో టమోటాలు తోలే ఒకాయనకు అమ్మాను. వెనక కొక్కెం కూడా దానితోనే పోయింది.