అవ్వ కొంగుముడి, నా ఎడమచెయ్యి

నా చిన్నప్పుడు, పదేళ్లు నిండేదాకా, నా చేత్తో నేను ఒక్క ముద్ద తినలేదు. పుట్టుకతోనే నా కుడిచెయ్యి చచ్చుబడి ఉండేది. ఎందుకలా అయిందని ఎవరైనా అడిగితే, శింగనమల చెరువులో మొసలితో పందెం కాసి ఓడిపోయానని చెప్పేవాణ్ణి. మొసలి ఉండాలంటే ముందు చెరువులో నీళ్లుండాలి కదా అని ఎవరికీ తట్టేది కాదు.

ఎడమచెయ్యి మాత్రం ఉక్కు. దాంతో రాయి విసిరితే చింతకాయ రాలాల్సిందే. కానీ అదే చెయ్యి కంచం దగ్గరికి వస్తే మా అవ్వ ఊరుకునేది కాదు. కడుక్కునే చేత్తో తిండి ముడితే ఇంట్లో గింజ నిలవదని ఆమె నమ్మకం. అసలే మూడేళ్లుగా సరైన వానల్లేవు. అందుకని తనే సంగటి తుంచి, ఊరిబిండి పచ్చడిలో అద్ది నా నోట్లో పెట్టేది. చేనికి పోయిన రోజున ఆమె తిరిగొచ్చేదాకా సంగటి ముందర కూర్చుని పళ్లు కొరుక్కునేవాణ్ణి. తినిపిస్తే కోపం, తినిపించకపోతే ఇంకా కోపం.

మా ఊరి బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే హాస్టల్లో చేరాలి. తన తిండి తాను తినగలిగిన పిల్లాణ్ణే చేర్చుకుంటామన్నారు. నెలన్నర గడువుంది. ఆ సీటు పోతే నాకు మిగిలేది మేకలే.

అప్పుడే పట్నం నుంచి వారానికోసారి ఒక అక్క మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. అవిటి పిల్లలకు తమ పని తాము చేసుకోవడం నేర్పిస్తుందట, మనస్తత్వశాస్త్రం చదివిందట. ఆ మాట వినగానే అవ్వ ఆమెను గడపలోనే నిలేసింది.

"ఏమ్మా, మా వానికి చెయ్యి బాగలేదు గానీ తిక్క లేదు. తప్పు ఇంటికొచ్చినావు."

"తిక్క లేదులే అవ్వా. వాడు ఏమేం చేసుకుంటాడో చూసేకొచ్చినా."

అన్నీ నేనే చేసుకుంటానని, ఎడమచేత్తో నాలుగు ముద్దలు చిటికెలో మింగేస్తానని కోతలు కోశాను. అక్క అబద్ధమని అనలేదు. పుస్తకంలో శ్రద్ధగా రాసుకుంది. "అట్లయితే వచ్చే వారం నా ముందర తిను" అని వెళ్లిపోయింది.

నా కోతలకు నేనే చిక్కాను. ఆ వారమంతా మేకల దొడ్లో బురద ముద్దలు చేసి, తుంచి, నోటిదాకా తెచ్చి ఆపడం సాధన చేశాను. నీళ్లు లేని ఊళ్లో బురద ఎక్కడిదని అడగొద్దు. దొడ్లో మేకలున్నాయని మాత్రం చెప్తాను.

అక్క వచ్చిన రోజున చెయ్యి శుభ్రంగా కడుక్కుని కంచం ముందు కూర్చున్నాను. వేలు సంగటికి తగిలిందో లేదో, చేని నుంచి అప్పుడే వచ్చిన అవ్వ నా మణికట్టు పట్టేసింది. నాకు ఒళ్లు మండి కంచాన్ని ఒక్క తన్ను తన్నాను. సంగటి వాకిట్లోకి దొర్లింది.

అక్క కంచం తెచ్చి, కుండలోని సంగటి మళ్లీ పెట్టింది. అవ్వ వైపు తిరిగింది. "ఒక్క పూట నీ కుడిచెయ్యి కట్టేసుకో అవ్వా. వాని మాదిరి కూర్చో. నీకేం ఇబ్బంది లేకపోతే నేనింక ఈ గడప తొక్కను."

అక్క పీడ వదులుతుందని అవ్వ వెంటనే ఒప్పుకుంది. కొంగుతో కుడిచెయ్యిని నడుముకు బిగించుకుని కూర్చుంది. పొద్దున్నుంచి కలుపు తీసిన మనిషి, కడుపులో ఏమీ లేదు. ఎదురుగా సంగటి. ఎడమచెయ్యి ఒకసారి కదిలి, మళ్లీ ఒళ్లోకి పోయింది. ఈగలు ముసిరాయి. పొగ పోయి సంగటి చల్లారింది.

నాలో కొంటెతనం మేలుకుంది. ఎడమచేత్తో ముద్ద తుంచి ఆమె నోటి దగ్గర పెట్టాను. అవ్వ మొహం చటుక్కున తిప్పుకుంది.

"నాకేమొచ్చిందిరా, ఒకరు తినిపియ్యాల్నా?"

అక్క పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయింది. నా చెయ్యి ముద్దతో అలాగే గాల్లో ఉంది. అవ్వ దానికేసి చాలాసేపు చూసింది. పళ్లతో కొంగుముడి లాగి విప్పుకుంది. కంచం నా ముందుకు జరిపింది.

"తినుపో. నేను చూడను" అని గోడవైపు తిరిగింది.

మొదటి ముద్ద ఒళ్లో పడింది. రెండోది ముక్కుకు తగిలింది. మూడోది నోట్లోకి పోయింది. కళ్లల్లో నీళ్లు ఊరిబిండి కారానికే వచ్చాయి.

హాస్టల్లో చేరాను. సెలవులకు వచ్చినప్పుడల్లా అవ్వ నాకు వడ్డించి గోడవైపు తిరిగి కూర్చునేది. "ఐపాయనా?" అని అడిగి గానీ ఇటు తిరిగేది కాదు. తను కన్నుమూసేదాకా అంతే. ఆ వీపును చూసి ఎన్నేళ్లు ఉడికిపోయానో. నా కోసం ఆమె తిరగగలిగింది అంతవరకేనని ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పటికీ పెళ్లి భోజనాల్లో ఎవరో ఒకరు అడగకుండానే నా విస్తట్లో చెయ్యి పెట్టి అన్నం కలపబోతారు. బస్సెక్కబోతే మూటలా ఎత్తుతారు. చిరాకు పట్టలేక మొసలి కథ మొదలుపెడతాను. మొసలి ఏటేటా పెరుగుతోంది.

కానీ మా వీధిలో ఒక పాపకు నాలాంటి చెయ్యే. బడికి పోయే ముందు మా అరుగు మీద కూర్చుని గౌను బొత్తాం పెట్టుకోవడానికి తంటాలు పడుతుంది. నా ఎడమచెయ్యి ఎగిరి దూకబోతుంది. దాన్ని తొడకింద పెట్టుకుని కూర్చుంటాను. ఒక్కోరోజు ఆ బొత్తాం కాజాలో పడేలోపు అదీ తిమ్మిరెక్కి, కుడిచేతిలాగే మొద్దుబారిపోతుంది.