ఉప్పు తగినంత

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఒక వైపు సముద్రాల అవతలి కంపెనీ, దాని చేతిలో చట్టంలాంటి నియమావళి. మరో వైపు సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో ఒక మేడ మీద ఒంటరిగా మా వదిన. అంత లేదు లెండి. పప్పుచారులో ఉప్పు ఎంత అని కంప్యూటరు అడిగితే ఏం చెప్పాలన్న గొడవ ఇది. ఇందులో గాయపడింది మా బాసు నాలుక ఒక్కటే.

మొన్న ఆదివారం ఇంట్లోవాళ్లు పెళ్లికి వెళితే, నేను ఫోనులో చూసుకుంటూ పప్పుచారు పెట్టుకుంటున్నాను. పదార్థాల చివర ‘ఉప్పు తగినంత’ అని కనబడింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈలోగా పప్పు అడుగంటింది.

ఇది పాతికేళ్ల కిందటి మాట. మీలో ఆ రోజులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, సికింద్రాబాదులో ప్రతి మేడకూ ఒక కంప్యూటరు కోర్సు బోర్డు వేలాడుతుండేది, ఏ కోర్సుకు గిరాకీ ఉందో కింద టీ కొట్టువాడే చెప్పేవాడు. విజయనగరం నుంచి వచ్చి అల్వాల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్న మా కుటుంబంలో అన్నయ్య అప్పుడు ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నాడు, అంటే ఇంట్లో ఉన్నాడు. వదిన కార్ఖానాలో ఒక చిన్న కంపెనీలో టెంపరరీగా చేరి, వెనకే నన్నూ చేర్పించింది. విదేశీ ప్రచురణకర్తల పుస్తకాలు తీసుకుని, ఇది శీర్షిక, ఇది పదార్థం, ఇది కొలత అని కంప్యూటరుకు తెలిసేలా ప్రతి ముక్కకూ ముందూ వెనకా ట్యాగులు తగిలించడం మా పని. ఏ ట్యాగులో ఏముండాలి, ఏది ఎన్నిసార్లు రావచ్చు అని శాసించే నియమాలను స్కీమా అనేవారు. అది నా బుర్రకెక్కకపోతే వదిన పెళ్లి బంతితో పోల్చి చెప్పింది: విస్తట్లో పప్పు ఒకసారి రావలసిందే, నెయ్యి ఎన్నిసార్లయినా రావచ్చు, రెండో స్వీటు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, పెరుగు వచ్చాక మళ్లీ పప్పు వస్తే తప్పు. ఆ తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాలేవీ ఇంతకన్నా ఎక్కువ చెప్పలేదు, పైగా వాటిని చదివితే ఆకలి కూడా వేయలేదు.

ఒకసారి, ఎవరో తెలుగు పెద్దావిడ ఇంగ్లీషులో రాసిన వంటల పుస్తకం మా చేతికొచ్చింది. ముందు నమూనాగా కొన్ని వంటలు పంపాలి. అవి నచ్చితే పుస్తకమంతా మాకే, వదిన ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే కంపెనీకి పెద్ద నష్టం లేదు గానీ, అన్నయ్యకు ఇంట్లో తోడు దొరుకుతుంది. క్లయింటు పంపిన స్కీమా ప్రకారం ప్రతి పదార్థానికీ కొలత ఉండి తీరాలి, ఆ కొలత అంకె అయి తీరాలి. పెద్దావిడేమో ఉప్పు తగినంత అంది, కారం చూసుకుని వేయమంది, ఇంగువ కొద్దిగా అంది. తప్పులు పట్టే ప్రోగ్రాము తెర నిండా ఎర్ర గీతలు గీసింది.

మా బాసు బోయిన్‌పల్లి మనిషి, మంచివాడు, క్లయింటు అన్న మాట వింటే మాత్రం సగం లేచి నిలబడేవాడు. “ఏందమ్మా, జెర ఉప్పు కోసం గింత పరేషానా? అన్నిటికి ఒక్క చెంచా అని కొట్టున్రి, పనైపోతది” అన్నాడు. కొట్టాం. ఎర్ర గీత ఒక్కటీ లేకుండా ఫైలు పాసయింది. అందరం సంతోషించాం, వదిన తప్ప. ఆవిడ ఆ పేజీ ప్రింటు తీసుకుని బ్యాగులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని, పొల్లుపోకుండా పప్పుచారు కాచింది. ఉప్పు ఒక చెంచా, కారం ఒక చెంచా, ఇంగువ కూడా ఒక చెంచా. బస్సులో క్యారియరు నా ఒళ్లో పెట్టింది. కాసేపటికి మా చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి.

“వదినా, ఇంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. రోజూ ఇలాగే కాయి.”

“మరిదిగారూ, తమరు నోరు మూసుకుని మూత గట్టిగా పట్టుకోండి” అంది. నవ్వలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకునే బయల్దేరిందని నాకప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వదిన వడ్డించిన ఆ చారు కలుపుకుని బాసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు.

“ఏందమ్మా, గిట్లుంది?”

“మిషను పాసు చేసిన చారే సార్. క్లయింటుకు మనం పంపేది ఇదే.”

ఆయన నీళ్లు తాగి, మళ్లీ తాగి, “అయితే ఏం జేద్దామంటవ్?” అన్నాడు.

ఆవిడ ముందే రాసి పెట్టుకుంది. కొలత అంటే అంకె అయినా కావచ్చు, ‘తగినంత’ అనే కొత్త ట్యాగు అయినా కావచ్చు అని స్కీమాలో చిన్న మార్పు. ఆ ట్యాగు లోపల ఏమీ ఉండదు. మిగతాది వండేవాళ్ల చేతిలో ఉందని ఆ ఖాళీకి అర్థం. క్లయింటు పెట్టిన నియమాన్ని మార్చమని క్లయింటుకే రాయడం మా ఆఫీసులో అంతవరకు ఎవరూ చేయని పని. బాసు మెయిలంతా రెండుసార్లు చదివాడు గానీ, పంపడానికి ఆయనకు వేలు ఆడలేదు. “నువ్వే నొక్కమ్మా” అన్నాడు. నొక్కింది.

జవాబు వచ్చేదాకా నేను జోకులు మానేశాను, దానికి ఆఫీసంతా ఎంతో ఊరట పొందింది. చివరికి వచ్చింది ఒకే లైను: మార్పు బాగుంది, చేర్చుకున్నాం, పుస్తకమంతా పంపుతున్నాం. వదిన చదివి, కళ్లజోడు తుడుచుకుని, మరుసటి వంట తెరిచింది. ఆ నెలలోనే పర్మనెంటయింది. అన్నయ్య చారు అడిగి పెట్టించుకుని సంబరం చేశాడు, ఈసారి ఇంగువ కొద్దిగానే.

ఇప్పుడా మేడ మీద పరుపుల కొట్టుంది. ఫోనుకు ‘తగినంత’ అంటే అర్థమైపోతుంది, అదెంత అని ఎదురడగదు. ఆ మాటకు ఒప్పించడానికి ఒక మనిషి తన ఉద్యోగాన్ని క్యారియరులో పెట్టుకుని బస్సెక్కిందని దానికి తెలియదు, తెలిసినా ఏం చేసుకుంటుంది. నా చారు మాడిన సంగతి చెబుదామని వదినకు ఫోను చేసి ఇవన్నీ గుర్తుచేశాను. నవ్వింది. ఆవిడకిప్పుడు బీపీ. ఉప్పు రోజంతా కలిపి ఒక్క చెంచాకు మించకూడదని డాక్టరు రాసిచ్చాడు.