కోరపళ్లు పీకమన్న మనిషి

2022 ఎండాకాలం. నంద్యాలలో నేను డెంటల్ క్లినిక్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ ఉదయం మా అసిస్టెంట్ మేరీ తాను ఫోన్లో చూసిన దెయ్యం సినిమా కథ చెబుతోంది.

"తీసింది ఆడామె మేడం. మొగోడు చెయ్యేసినప్పుడల్లా ఆ పిల్లకు పళ్లు పొడుచుకొస్తాయి. భలే ఉంటాది."

"రోజూ చూసే పళ్లు చాలవా నీకు?" అని విసుక్కున్నాను.

అంతలో ఆళ్లగడ్డ నుంచి ఒక జంట వచ్చింది. అతను విగ్రహాలు చెక్కే శిల్పి. భార్య ఈశ్వరికి పాతికేళ్లు ఉండవు. నేను ఏది అడిగినా అతనే జవాబు చెప్పాడు.

"పై కోరపళ్లు రెండూ నొప్పంట. పీకేయండి మేడం."

చార్ట్ తీశాను. మేం నోటిని నాలుగు భాగాలు చేసి, మధ్య నుంచి వెనక్కి పళ్లు లెక్కిస్తాం. మొదటి అంకె భాగానిది, రెండోది పన్నుది. పైన కుడి కోరపన్ను 13, ఎడమది 23. కుడి అంటే పేషంట్‌కు కుడి, ఎదురుగా నిలబడ్డ మాకు కాదు. కాలేజీలో మొదట్లో అందరం తప్పే రాస్తాం.

ఆమె పళ్లు గట్టిగా ఉన్నాయి. 13 మాత్రం వరస దాటి కాస్త ముందుకుంది. తట్టి చూస్తే ఆమె ఉలకలేదు. వేరులో ఏమైనా ఉందేమో ఎక్స్‌రే చూద్దామనుకుని, చికిత్సకు ఒప్పుకునే కన్సెంట్ ఫారం అలవాటుగా అతని చేతికే ఇచ్చాను.

సంతకం పెడుతుంటే అతని చొక్కా చెయ్యి పైకి జరిగింది. ముంజేతి మీద పంటి గాటు. రెండు చోట్ల లోతుగా దిగింది, అందులో ఒకటి వరస దాటి ఉంది. అది ఎవరి నోటిదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఎక్స్‌రే గదిలోకి పేషంట్ ఒక్కరే రావాలి" అని ఆమెను, మేరీని లోపలికి తీసుకెళ్లి గడియ పెట్టాను.

"నొప్పుందా అమ్మా?"

"ల్యాదు మేడం. మొన్న గొంతు పిసికినాడు. ఊపిరాడల్యా. కరిచినా. మళ్లా కరవకుండా పీకిస్తాండాడు."

కొంగు తొలగించింది. మెడ మీద వేళ్ల గుర్తులు.

"నీకెవరున్నారు?"

"గడివేములలో అమ్మ."

మేరీ ఆమె తల్లికి ఫోన్ చేసింది. మత్తింజెక్షన్ ఎక్కడానికి గంట పడుతుందని తలుపు వెనక నుంచే అతనికి అబద్ధం చెప్పాను. అతను కదల్లేదు. పావుగంటకోసారి తలుపు బాదాడు. "ఇంగా ఎంతసేపు?" నేను చార్ట్ రాస్తూ కూర్చున్నాను. 13, 23 ఆరోగ్యంగా ఉన్నాయి. మెడ మీద గుర్తులు ఎన్ని, ఎక్కడెక్కడ. గడియ ఊడుతుందేమోనని నిజంగా భయపడ్డాను.

ఈశ్వరి తల్లి, మేనమామ వచ్చాకే తలుపు తీశాను.

"పీకినారా?"

"పీకను. పళ్లు బాగున్నాయి."

"అమ్మవారికి కోరలు చెక్కేటోన్ని నేను. ఇంట్లో ఆడదానికెందుకు?" అని అరిచాడు.

తల్లి అతని వైపు చూడనైనా లేదు. "దామ్మా" అని కూతురి చెయ్యి పట్టుకుంది. చార్ట్ నకలు ఈశ్వరికిచ్చాను. తర్వాత పోలీస్ స్టేషన్లో అది పనికొచ్చింది.

ఇన్నేళ్లూ కుడి ఎడమలు పేషంట్ వైపు నుంచే రాశాను. ప్రశ్నలు మాత్రం పక్కన నిలబడ్డ మగవాణ్ణి అడిగాను. ఆమెను ఒక్క మాట అడక్కుండానే సంతకం దాకా వెళ్లినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇప్పుడు నా దగ్గరికి ఏ ఆడమనిషి వచ్చినా ముందు ఒంటరిగా లోపలికి రావాల్సిందే.

ఈమధ్య ఈశ్వరి తల్లితో కలిసి పళ్ల క్లీనింగ్‌కు వచ్చింది. ఆమెతో విడిగా మాట్లాడాక ఫారం తీస్తే, అలవాటు కొద్దీ తల్లి చెయ్యి చాపింది.

"నాకియ్యండి మేడం. నోరు నాది" అని ఈశ్వరి నవ్వుతూ పెన్ను అందుకుంది.