ఏడు ఒకట్లు

మా లెక్కల మాస్టారు నల్లబల్ల మీద వరసగా ఏడు ఒకట్లు రాసి, ఒకటీ ఆ సంఖ్యా కాకుండా దీన్ని శేషం లేకుండా భాగించేది ఏదైనా ఉందేమో వారంలో చూసి రమ్మన్నారు. అరవైల మొదట్లో, ఖరగ్‌పూర్ తెలుగు బడిలో నేను పదో తరగతి చదివే రోజులవి.

ఆరు ఒకట్లయితే చిటికెలో పని. రెండేసిగా విడగొడితే పదకొండు దొరుకుతుంది, మూడేసిగా అయితే నూటపదకొండు. ఏడుని అలా సమానంగా విడగొట్టలేం.

ఇంటికొచ్చి రైల్వే క్వార్టర్స్ వరండాలో, గచ్చు మీద సుద్దముక్కతో భాగించడం మొదలుపెట్టాను. వర్క్‌షాపులో ఫిట్టరైన మా అన్నకి అప్పుడే కొత్తగా పెళ్లయింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వదినకి బెంగాలీ రాదు, హిందీ రాదు. పని అయ్యాక కిటికీ దగ్గర ఒక్కతే కూర్చునేది. ఆ సాయంత్రం లేచి వచ్చి, ఏటి సేస్తున్నావని అడిగింది. చెప్పాను. తను ఎస్సెల్సీ దాకా చదివిందని నాకు అప్పుడే తెలిసింది.

"నాకూ ఓ సుద్దముక్క ఇయ్యి," అంది.

ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు కాబట్టి వాటిని చెరికొకటి చొప్పున పంచుకున్నాం. రోజూ బడి నుంచి పరుగున వచ్చేదాన్ని. మా అమ్మ మొదట విసుక్కుంది గాని, తర్వాత అంకెలు తొక్కకుండా గోడవారగా నడవసాగింది.

రెండు వందలు దాటాం. రెండు వందల ముప్పై తొమ్మిది వదిన వంతుకి వచ్చింది. ఆఖరి వరసలో 2151 కింద మళ్లీ 2151 పడింది. వదిన సుద్దముక్క కింద పెట్టేసింది.

"శేషం నేదే," అంది నెమ్మదిగా.

వచ్చిన 4649ని తిరిగి 239తో హెచ్చవేశాను. ఒకట్లు ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి, ఏడూ. ఇక 4649ని భాగించి చూద్దామని వంగితే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే? దాన్ని భాగించేది ఏదైనా ఏడొకట్లనీ భాగించాలి కదా. సిన్నవన్నీ మనం సూసీసినాం, ఒక్కటీ తగల్నేదు. ఇదింక విడిపోదు."

నేను ఎగిరి గంతేశాను. పక్కింటి బెంగాలీ దీదీ గోడ మీంచి తొంగిచూసింది. వదిన నేల చూపించి, "దీదీ, దేఖో," అంది. ఇక్కడి మాట ఆమె నోట వినడం అదే మొదలు. లెక్క దీదీకి అర్థమైందో లేదో గాని, ఇటు వచ్చి మా మధ్య కూర్చుని ఆ అంకెలు బెంగాలీలో పలకడం వదినకి నేర్పింది.

మర్నాడు బల్ల మీద చేసి చూపిస్తే మాస్టారి ముఖం వెలిగిపోయింది. మీ వదినకి చెప్పు, ఇప్పుడు పదకొండు ఒకట్లు చూడమని, అన్నారు. చూశాం. వెయ్యి దాటాం, రెండు వేలు దాటాం. వేసవి సెలవులన్నీ అయిపోయినా అది లొంగలేదు.